భాగ్యరెడ్డి వర్మ: భజన మండలి నుంచి బడి దాకా

 

ప్రతి ఏటా మే 22న భాగ్యరెడ్డి వర్మ ఫొటోకి దండ వేస్తున్నాం, మంచిదే. కానీ ఆయన ఏం చేశారని ఏ పిల్లాడైనా అడిగితే చాలామందిమి ఒక మాటతో సరిపెడతాం: దళిత ఉద్యమానికి పెద్ద దిక్కు అంటాం. ఆ పెద్దరికం ఎక్కణ్ణించి వచ్చింది? చిన్న చిన్న సంఘాల నుంచి వచ్చింది. ఇది తెలుసుకుంటే మన విహారానికి, మన బస్తీ సంఘానికి పనికొస్తుంది.

ఆయన అసలు పేరు మాదరి భాగయ్య. 1888 మే 22న హైదరాబాదులో మాల కుటుంబంలో పుట్టారు. అప్పుడు రాజ్యం నిజాముది. కచేరీలో, పెద్ద బళ్లలో ఉర్దూ నడిచేది. మన వాడల పిల్లలకి ఉర్దూ బడీ లేదు, తెలుగు బడీ లేదు. ఊళ్లల్లో వెట్టి, పట్నంలో కూలి. పెళ్లయినా చావయినా కల్లు, అప్పు.

1906లో ఆయనకి పద్దెనిమిదేళ్లు. చేతిలో డబ్బు లేదు, వెనక జమీందారు లేడు. ఆ వయసులో జగన్మిత్ర మండలి పెట్టారు. అందులో చేసిందేమిటి? జనాన్ని కూర్చోబెట్టి భజనలు, హరికథలు చెప్పించడం. చదువు రానివాళ్లకి కరపత్రం ఇస్తే ఏం లాభం? వాళ్లు చెవి పెట్టి వినే పద్ధతిలోనే చెప్పాలి కదా. అలా పాట కోసం కూడిన జనం మెల్లగా తమ బతుకు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కూడడమే మొదటి మెట్టు.

రెండో మెట్టు బడి. 1910లో ఇసామియా బజారులో మొదటి బడి తెరిచారు. పాఠాలు తెలుగులోనే. ఒక్క బడితో ఆగలేదు. పోను పోను అవి 26 అయ్యాయి, చదివే పిల్లలు 2,500 దాకా పెరిగారు. తర్వాత ప్రభుత్వమే ఆ బళ్లను తన చేతిలోకి తీసుకుంది. సర్కారు చెయ్యాల్సిన పనిని ముందు వాడే చేసి చూపించిందన్నమాట.

1911లో మండలి మాన్య సంఘం అయింది. 1920ల మొదట్లో అదే ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. ఈ సంఘాల వాళ్లు తాగుడు మానమని, జంతుబలి ఆపమని, ఆడపిల్లల్ని జోగిని పేరుతో దేవుడికి వదిలెయ్యొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. పంచశీలలో మొదటిది, మూడోది, అయిదోది చూడండి. మనం వందనంలో నోటితో చెప్పేది వాళ్లు కాళ్లరిగేలా తిరిగి చేశారు.

1913లో ఆర్యసమాజం వాళ్లు ఆయనకి వర్మ అనే బిరుదు ఇచ్చారు. 1917లో బెజవాడలో పంచమ మహాసభకి అధ్యక్షుడుగా వెళ్లారు. పంచములనే మాటే తప్పు, మనం ఈ నేలకి మొదటి మనుషులమని వాదించారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. ఇటు నిజాం రాజ్యంలోనూ 1931 జనాభా లెక్కల్లో మనవాళ్లని ఆది హిందువులుగా రాయించారు.

ఆది హిందూ అనే పేరులో హిందూ ఎందుకని మనవాళ్లు అడుగుతారు. అడగాల్సిందే. ఆయన దృష్టిలో ఆ మాట మతానిది కాదు, ఈ దేశంలో ఉండేవాళ్లకి బయటివాళ్లు పెట్టిన పేరు. ఆది అన్నదే ఆయనకి ముఖ్యం. పేరు ఆ కాలానిది. అవమానపు పేరు మోయం అన్న పట్టుదల మనది కూడా.

ఇంకో మాట దాచకూడదు. ఆ ఉద్యమంలో మాలల పెత్తనమే ఎక్కువని మాదిగ నాయకులు ఆరోజుల్లోనే బాధపడ్డారు, వేరే సంఘాలు పెట్టుకున్నారు. భాగ్యరెడ్డి వర్మ తాను నడిపిన భాగ్యనగర్ పత్రికలో వెట్టి మాదిగ అనే నవల రాశారు. ఒక మాల నాయకుడు మాదిగ బతుకుని కథ చేశారు. అయినా నవలతో ఆ గీత చెరగలేదు. ఇవాళ మన విహారంలో చాప మీద ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో ఎవరికి వాళ్లం చూసుకోవాలి.

ఆయన 1913లోనే బుద్ధ జయంతి చేశారు. మళ్లీ 1937లో చేశారు. బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956లో. అంటే 43 ఏళ్ల ముందే మన హైదరాబాదులో ఒక చిన్న సంఘం బుద్ధుణ్ణి తలుచుకుంది. 1939 ఫిబ్రవరి 18న ఆయన పోయారు. అప్పటికి వయసు యాభై.

మనం రోజూ మూడు శరణాలు చెప్తాం. బుద్ధం, ధమ్మం చెప్పి సంఘం దగ్గరికొచ్చేసరికి అది భిక్షువుల సంగతి అనుకుని వదిలేస్తాం. బస్తీలో ఒక పిల్ల బడి మానేస్తే రెండో రోజుకి ఆ ఇంటి తలుపు తట్టేవాళ్లు ఉండాలి. తాగి కొట్టే ఇంటికి నలుగురు కలిసి వెళ్లాలి. స్కాలర్‌షిప్ ఫారం నింపడం రాని తల్లి పక్కన కూర్చోవాలి. దీనికి పెద్ద భవనం అక్కర్లేదు, పది మంది చాలు. వచ్చే పున్నమికి వందనం అయ్యాక ఒక్క పావుగంట ఆగండి. మీ గల్లీలో బడి మానేసిన పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఒక్కో పేరు ఒక్కొక్కరు తీసుకోండి.

భవతు సబ్బ మంగళం.