విజ్ఞానదాత విక్రమ్ సారాభాయి

నెల్లూరు సీమ తూర్పు అంచున, పులికాట్ సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ, శ్రీహరికోట అను ఇసుక దీవి కలదు. పూర్వము అచ్చట సరుగుడు తోటలును, దట్టమైన పొదలును తప్ప చెప్పుకొనదగినవి లేకుండెను. దీవిలోని వంటచెఱకు పడవలపై చెన్నపట్టణమునకు పోవుచుండెను. తేనెయు, దుంపలును, మూలికలును సేకరించుకొనుచు యానాదులు ఆ అడవిలో జీవించుచుండిరి. చలికాలమున సరస్సులోని లోతు తక్కువ నీటిలో ఫ్లెమింగో పక్షులు గుంపులు గుంపులుగా వచ్చి దిగుచుండెను. అట్టి మాఱుమూల దీవి పేరు నేడు లోకమంతట వినబడుచున్నది. 2022లో జిల్లాలను విభజించినపుడు తిరుపతి జిల్లాలో చేరిన ఈ దీవి, అంతకు ముందు నెల్లూరు జిల్లాలోనిదే. దీనిని రాకెట్టు కేంద్రముగా ఎన్నుకొన్న నాడు భారత అంతరిక్ష కార్యక్రమమునకు నాయకుడు విక్రమ్ సారాభాయి.

సారాభాయి 1919వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన అహమ్మదాబాదు నగరమున జన్మించెను. తండ్రి అంబాలాల్ సారాభాయి గొప్ప మిల్లు యజమాని, తల్లి సరళాదేవి. ఆ దంపతులు తమ బిడ్డల కొఱకు ఇంటనే ఒక పాఠశాలను నెలకొల్పిరి. బాలుడైన విక్రముడు చిన్న ఆవిరి యంత్రముల నమూనాలను తయారుచేసి నడిపించి సంతోషించెడివాడు. మహాత్మాగాంధి, రవీంద్రనాథ ఠాకూరు వంటి మహనీయులు ఆ యింటికి అతిథులై వచ్చుచుండిరి. ఈ విధముగా శాస్త్రాభిరుచియు, కళాభిమానమును, దేశభక్తియు ఆయనకు ఒకే గడపలో అలవడెను.

ఉన్నత విద్యకై ఆయన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరి, 1940లో పట్టము పొందెను. రెండవ ప్రపంచయుద్ధము వలన స్వదేశమునకు మరలి, బెంగుళూరిలోని భారతీయ విజ్ఞాన సంస్థలో సర్ సి. వి. రామన్ కడ విశ్వకిరణములను గూర్చి పరిశోధన సాగించెను. అంతరిక్షపు లోతుల నుండి మన భూమిపై ఎడతెగక కురియు సూక్ష్మకణములకే విశ్వకిరణములని పేరు. వానిని కొలుచుటకై ఆయన కాశ్మీర పర్వతములపైకి సైతము పరికరములను మోయించుకొని పోయెను.

బెంగుళూరిలోనే ఆయనకు మృణాళినితో పరిచయమయ్యెను. ఆమె నాట్యకళలో నిష్ణాతురాలు. 1942లో వారి వివాహము జరిగెను. 1949లో ఆ దంపతులు అహమ్మదాబాదులో దర్పణ అను కళాసంస్థను స్థాపించిరి. భరతనాట్యము, కథాకళితోపాటు మన కూచిపూడి నాట్యమునకు కూడ అచ్చట స్థానము లభించెను. తెలుగువారైన సి. ఆర్. ఆచార్యులు ఆ సంస్థలో గురువుగా నుండి శిష్యులను తీర్చిదిద్దిరి. మృణాళిని పురాణకథలనే గాక స్త్రీల కష్టములను కూడ నాట్యమున ప్రదర్శించెను. అక్షరము రానివారి హృదయమును సైతము ఆ హస్తములును, ఆ చూపులును తాకుచుండెను. ఇట్లు ఆ శాస్త్రవేత్త యింట పరిశోధనయు, గజ్జెల సవ్వడియు కలిసి మెలిసి సాగినవి.

1947లో సారాభాయి కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టమునంది తిరిగివచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన ఆ సంవత్సరముననే, నవంబరు నెలలో, అహమ్మదాబాదున భౌతిక పరిశోధనాలయమును స్థాపించెను. 1962లో ఏర్పడిన భారత అంతరిక్ష పరిశోధన సంఘమునకు ఆయనయే అధ్యక్షుడయ్యెను.

కేరళ తీరమున తుంబా అను జాలరిపల్లెలో మొదటి రాకెట్టు కేంద్రము వెలసెను. అచ్చటి క్రైస్తవులు తమ ప్రార్థనాలయమును శాస్త్రకార్యమునకై విడిచియిచ్చిరి. రాకెట్టు భాగములను సైకిళ్లపై మోసిన రోజులవి. 1963 నవంబరు 21వ తేదీ సాయంసంధ్యవేళ తొలి రాకెట్టు పైకెగసి, మిక్కిలి ఎత్తున సోడియము ఆవిరిని వెదజల్లెను. ఆకాశమున నారింజరంగు మేఘము చారవలె సాగెను. అది కదలిన తీరును బట్టి శాస్త్రజ్ఞులు పైగాలుల వేగమును లెక్కించిరి. కంటికి కనబడని గాలి ఆనాడు అందఱి కన్నులకును బొమ్మకట్టినట్లు కనబడెను.

అయినను పలువురి మనస్సులలో ఒక సందేహము మెదలెను. కోట్ల జనులు ఆకలితో నలిగెడు బీదదేశమునకు రాకెట్లేలయని వారు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. సారాభాయి దానిని త్రోసిపుచ్చలేదు. ధనిక దేశములతో పోటీపడి కీర్తి గడించుట తన ధ్యేయము కాదనియు, మనుష్యుల నిత్యజీవితములోని చిక్కులను తీర్చని శాస్త్రము మనకు వలదనియు ఆయన నమ్మెను.

ఆ నమ్మకమునకు ఆధారమేమి? 1961 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున నూటికి ఇరువది యెనిమిది మంది మాత్రమే అక్షరాస్యులు. నేల సారము, విత్తనశుద్ధి, పైరుల తెగుళ్లు, వానల రాకపోకలు మొదలగు విషయములను గూర్చి గ్రంథములున్నను, దున్నువాడు వానిని చదువలేడు. చదువలేనివాడు చూడగలడు, చూచినదానిని గూర్చి యోచింపగలడు. కావున కదలు బొమ్మయే అతనికి పుస్తకము కావలెనని సారాభాయి నిశ్చయించెను. ఆయన ప్రోత్సాహముతో 1967 జనవరి 26వ తేదీన ఢిల్లీ పరిసరములందలి ఎనుబది గ్రామములలో కృషిదర్శన్ అను టెలివిజను కార్యక్రమము ప్రారంభమయ్యెను. రైతులు ఒకచోట చేరి తమ పొలముల సంగతులను తెరపై చూచిరి.

ఆయన కాలముననే ఇంకొక ప్రయోగము జరిగెను. కేరళలో కొబ్బరిచెట్లకు వేరుతెగులు సోకుచుండెను. పిషరోటి అను శాస్త్రజ్ఞుని నాయకత్వమున కొందఱు హెలికాప్టరుపై ఎగిరి, పరారుణ కాంతిని గ్రహించు ప్రత్యేకమైన ఫిల్ముతో ఆ తోటలను ఛాయాచిత్రములు తీసిరి. క్రిందినుండి చూచువారికి పచ్చగా కనబడు చెట్లలోని తెగులు సైతము ఆ చిత్రములలో వేఱు రంగుతో బయటపడెను. పైనుండి చూచి భూమి సంగతి తెలిసికొను విద్య మన దేశమున ఈ విధముగా మొలకెత్తెను.

ఇక ఉపగ్రహములను ప్రయోగించుటకు తూర్పుతీరము కావలసివచ్చెను. భూమి పడమటి నుండి తూర్పునకు తిరుగుచున్నది. శ్రీహరికోట కడ ఆ వేగము సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పుముఖముగా ఎగురు రాకెట్టునకు ఈ వేగము ఉచితముగా లభించును. ఎదుట సముద్రమే ఉండుటచే విడివడిన భాగములు జనులపై పడు భయమును లేదు. ఈ కారణములచే 1969లో ఆ దీవి ఎంపికయ్యెను. కేంద్ర నిర్మాణమునకై దీవివాసులలో అనేకులు తరతరముల నాటి తమ చోటును విడువవలసివచ్చెను. ఆ త్యాగమునకు దేశము వారికి ఎన్నటికిని ఋణపడియున్నది. 1971 అక్టోబరు 9వ తేదీన అచ్చటి నుండి తొలి చిన్న రాకెట్టు ఎగిరెను.

ఆ తరువాత మూడు నెలలైనను గడువకముందే, 1971 డిసెంబరు 30వ తేదీ రాత్రి, తుంబాకు సమీపమున కోవళములో సారాభాయి నిద్రలోనే కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదిరెండు సంవత్సరములు. తాను నాటిన చెట్టు కాయుట ఆయన చూడలేదు.

కాని చెట్టు ఎండలేదు. అమెరికా ఉపగ్రహమును వాడుకొనుటకు 1969లో ఆయన కుదుర్చుకొన్న ఒప్పందము 1975లో ఫలించెను. ఆ సంవత్సరము ఆగస్టు 1వ తేదీ మొదలు ఒక ఏడాదిపాటు ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు ఉపగ్రహము ద్వారా టెలివిజను కార్యక్రమములు ప్రసారమయ్యెను. అందు మన తెలుగు పల్లెలును కలవు. హైదరాబాదులో తెలుగు కార్యక్రమములు తయారయ్యెను. కోళ్లగూళ్లకు వాడెడు ఇనుపవల వంటి దానితో అల్లిన పదియడుగుల పళ్లెము బడిమీదనో, పంచాయతి భవనము మీదనో నిలిచి, ముప్పదియాఱు వేల కిలోమీటర్ల ఎత్తు నుండి వచ్చు సంకేతములను అందుకొనెను. ఉదయము పిల్లలకు పాఠములు. సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము మొదలగునవి. బాలల కొఱకు బొంబాయిలో విజ్ఞాన చిత్రములు ప్రత్యేకముగా నిర్మింపబడెను. గుజరాతులోని ఖేడా జిల్లాలో గ్రామీణులే పాత్రధారులై తమ యాసలో తమ సమస్యలను నాటకములుగా ప్రదర్శించిరి. శాస్త్రమునకు కళ వాహనమైన కాలమది.

ఈ కృషి వలన కలిగిన మేలును మన తీరమే చెప్పగలదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను తుపాను ముంచివేసినపుడు సుమారు పదివేల మంది మరణించిరి. 1983లో ఇన్సాట్ ఉపగ్రహము పనిచేయ మొదలిడిన పిమ్మట మేఘముల చిత్రములు నిరంతరము లభింపసాగెను. దక్షిణాంధ్ర తీరమునను, ఉత్తర తమిళనాడు తీరమునను ఉపగ్రహము ద్వారా హెచ్చరిక వినిపించు యంత్రములు అమర్చబడినవి. 1990 మే నెలలో అంతటి భయంకరమైన తుపానే కృష్ణా తీరమును తాకినపుడు, ముందుగా తెలిసినందున లక్షకు పైబడిన జనులను సురక్షిత స్థలములకు తరలించిరి. అయినను మృతి తప్పలేదు. కాని మృతుల సంఖ్య వేయి లోపుననే నిలిచెను. నేడు ఉపగ్రహములు సముద్రజలముల రంగును, వెచ్చదనమును కొలువగా, చేపలు దొరకు తావులను హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము జాలరులకు తెలుపుచున్నది.

ప్రభుత్వము సారాభాయికి 1966లో పద్మభూషణ్, మరణానంతరము 1972లో పద్మవిభూషణ్ బిరుదముల నొసగెను. 2023 జూలై 14వ తేదీన శ్రీహరికోట నుండి బయలుదేరి, ఆగస్టు 23వ తేదీన చంద్రునిపై దిగిన నౌకకు విక్రమ్ అని ఆయన పేరే పెట్టిరి. అది గొప్ప గౌరవమే. కాని మబ్బు పట్టిన వేళ నెల్లూరు తీరమున ఒక జాలరి హెచ్చరిక విని, పడవను ఒడ్డునకు లాగి, బిడ్డల కడకు క్షేమముగా చేరుట సారాభాయికి అంతకంటె ప్రియమైన గౌరవము. విజ్ఞానము కొందఱి సొత్తుగా నిలిచిపోరాదు. దున్నువానికిని, వల వేయువానికిని తెలియు భాషలో, కనబడు రూపములో అది చేరినపుడే దానికి సార్థకత. విక్రమ్ సారాభాయి జీవితము మనకు నేర్పు పాఠమిదియే.