ఒక అబద్ధం, ఐదు సినిమాలు

క్లాసు ఎగ్గొట్టిన మర్నాడు సాకు కోసం బతికున్న తాతయ్యల్ని చంపేయడం మన దగ్గర మామూలే. పారిస్‌లో ఒక కుర్రాడు ఇంకాస్త పెద్ద సాకే చెప్పాడు. ఊరు జర్మన్ల చేతిలో ఉన్న రోజులవి. తన తండ్రిని జర్మన్లు పట్టుకుపోయారని బడిలో చెప్పేశాడు. ఏళ్ల తర్వాత అదే కుర్రాడు డైరెక్టరై తన మొదటి పెద్ద సినిమా తీశాడు. అందులో కూడా ఒక పిల్లాడు బడి ఎగ్గొడతాడు, మర్నాడు సాకు వెతుక్కుంటాడు. కాకపోతే ఈ పిల్లాడు చెప్పేది తండ్రి గురించి కాదు, అమ్మ చనిపోయిందని చెబుతాడు. ఈ మార్పు గురించి తెలిసిన దగ్గర్నుంచీ నాకు ఫ్రాన్స్వా ట్రూఫో జీవితం కొంచెం వేరేగా కనిపిస్తోంది.

1932 ఫిబ్రవరి 6న పుట్టాడు. తల్లి జనీన్‌కి అప్పటికి పెళ్లి కాలేదు. తర్వాత ఆమెని చేసుకున్న రోలాన్ ట్రూఫో పిల్లాడికి తన ఇంటిపేరు ఇచ్చాడు. పిల్లాడు మాత్రం మొదట ఒక దాది దగ్గర, ఆ తర్వాత అమ్మమ్మ దగ్గర పెరిగాడు. అమ్మమ్మ పోయాకే అమ్మ ఇంటికి చేరాడు. ఇరుకు ఇల్లు. అమ్మకి చప్పుడు గిట్టదు. కుర్చీలో కదలకుండా కూర్చుంటే చాలు, చదువుకోవచ్చు. అలా బాల్జాక్ నవలలు వంటబట్టాయి. బయట దొరికిన రెండో దారి సినిమా. డబ్బులుంటే టికెట్ కొని, లేకపోతే దొంగదారిన దూరి మరీ చూసేవాడు. రోలాన్ తన కన్నతండ్రి కాదన్న సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, తనంతట తనే తెలుసుకున్నాడు.

పదహారేళ్లకే ఒక ఫిల్మ్ క్లబ్ పెట్టాడు. సరిగ్గా అదే టైమ్‌కి ఇంకో క్లబ్‌లో షోలు పడుతున్నాయని, టైమ్ మార్చుకోమని అడగడానికి వెళ్లి విమర్శకుడు ఆంద్రే బజాన్‌ని కలిశాడు. (క్లబ్బులు నడిపే మనకి ఈ గొడవ బాగా అర్థమవుతుంది.) తర్వాత క్లబ్ అప్పుల్లో కూరుకుపోయింది. తండ్రే పోలీసులకి అప్పగిస్తే విల్‌జ్విఫ్‌లోని బాలనేరస్తుల కేంద్రానికి పోయాడు. బజాన్ ముందుకొచ్చి బయటపడేశాడు. ఆ తర్వాత ఒక ప్రేమ విఫలమై సైన్యంలో చేరాడు, పారిపోయాడు, మిలిటరీ జైల్లో పడ్డాడు. మళ్లీ బజానే విడిపించి కొన్నాళ్లు తన ఇంట్లోనే పెట్టుకున్నాడు.

ఆ ఇంటి నుంచే రాయడం మొదలైంది. పత్రికల్లో సినిమా సమీక్షలు రాశాడు. 1954లో ఫ్రెంచ్ సినిమా పెద్దలందరినీ దులిపేస్తూ రాసిన వ్యాసం ఇప్పటికీ ఫిల్మ్ స్కూళ్లలో చదువుతారు. అందులో కోపం పాళ్లు ఎక్కువేనని నా అభిప్రాయం. అయితే పరాయివాళ్ల సినిమాల్ని తిడుతూ తిడుతూనే తనకేం కావాలో తేల్చుకున్నాడు. రేపటి సినిమా నవల కంటే సొంతంగా, డైరీలాగా ఉంటుందని 1957లో రాశాడు. అలా రాసిన మరుసటి ఏడాదే ఆ డైరీ తెరిచాడు.

ది ఫోర్ హండ్రెడ్ బ్లోస్. ఫ్రెంచిలో ఆ మాటకి అర్థం ఆకతాయి పనులన్నీ చేసేయడం. ఇంగ్లిష్ టైటిల్‌లో అంకె తప్ప ఏమీ మిగల్లేదు. షూటింగ్ 1958 నవంబర్‌లో మొదలైంది. తొలిరోజు పని ముగిసిన ఆ రాత్రే బజాన్ చనిపోయాడు. సినిమాని ఆయనకే అంకితమిచ్చాడు.

అందులో ఒక సీన్ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కేంద్రంలో సైకాలజిస్టు అంత్వాన్ అనే ఆ పిల్లాణ్ని ప్రశ్నలడుగుతుంది. ఆమె మనకి కనిపించదు. షూటింగ్‌లో ఆ ప్రశ్నలు అడిగింది ట్రూఫోనే, ఆడగొంతు తర్వాత కలిపారు. అప్పటికి పద్నాలుగేళ్ల జాన్ పియేర్ లియో చాలావరకు సొంత మాటల్లోనే జవాబులు చెప్పాడు. అమ్మ తనని కనాలనుకోలేదని, అమ్మమ్మ అడ్డుపడబట్టే పుట్టానని అంత్వాన్ మామూలుగా చెప్పేస్తాడు. ఒకప్పుడు తను కూర్చున్న కుర్చీలో ఇంకో పిల్లాణ్ని కూర్చోబెట్టి, తను ఇవతలికి వచ్చి ప్రశ్నలడగడం అన్నమాట.

1959లో కాన్ ఉత్తమ దర్శకుడి అవార్డు వచ్చింది. అంతకుముందు ఏడాది విమర్శకుడిగా ఆయన్ని రానివ్వని ఫెస్టివల్ అదే. ఇంట్లో మాత్రం అమ్మానాన్నలు బాగా దెబ్బతిన్నారు. ఊరందరి ముందు తమని నిలబెట్టాడని బాధపడ్డారు. ఇదంతా తన జీవితమే కాదని ట్రూఫో సర్దిచెప్పాల్సి వచ్చింది. రాసేస్తే, తీసేస్తే మనసు తేలికవుతుందని మనం సులువుగా అనేస్తాం కానీ, ఆ బరువు ఇంకెవరి మీద పడుతుందో చూడం. ఇంటికి పేరు పెట్టినవాడు, అప్పులు తీర్చినవాడు రోలాన్. ఆయన వైపు నుంచి చూస్తే ఆ సినిమా అన్యాయమే. అలాగని తీయకుండా ఉండాల్సిందని నేననను.

తేలికైపోయి ఉంటే అక్కడితో ఆగేవాడు. ఆగలేదు. అదే లియోతో, అదే అంత్వాన్ పాత్రతో 1962లో ఒక చిన్న సినిమా, 1968లో, 1970లో, 1979లో ఒక్కో పెద్ద సినిమా తీశాడు. పాత్ర, నటుడు ఇద్దరూ కలిసే పెరిగారు. 1968లో జనీన్ చనిపోయింది. ఆ ఏడాదే ఒక డిటెక్టివ్ ఏజెన్సీకి డబ్బు కట్టి కన్నతండ్రిని వెతికించాడు. ఎవరో దంతవైద్యుడని తేలింది. ఆయన ముందుకెళ్లి కొడుకునని మాత్రం చెప్పుకోలేదు. 1970లో వైల్డ్ చైల్డ్‌లో తనే నటించాడు, అడవిలో దొరికిన పిల్లాడికి మాటలు నేర్పే డాక్టరుగా. అంటే ఈసారి బజాన్ స్థానంలో తను. ఆ సినిమా లియోకి అంకితం. 1977 నాటి సినిమాలో హీరో తన కథ రాసుకుంటాడు. రాస్తుంటే అమ్మ గుర్తొస్తుంది. పిల్లాడు గదిలో లేనట్టే తిరిగే అమ్మ, పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్లాడు. ఈసారి అందులో కోపం తగ్గిందని నాకనిపించింది, చూపు మిగిలింది.

1979లో వచ్చిన ఆఖరి అంత్వాన్ సినిమా లవ్ ఆన్ ది రన్. అది ట్రూఫోకే పెద్దగా నచ్చలేదు. పాత సినిమాల ముక్కలు ఎక్కువై నిజంగానే అతుకులబొంతలా ఉంటుంది. కానీ అందులో అంత్వాన్‌కి తల్లి పాత ప్రియుడు ఎదురవుతాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన రోజు వీధిలో అమ్మతో చూసిన మనిషే. ఆమెకి కొడుకంటే ప్రేమేనని, చూపించే తీరే వేరని ఆ ముసలాయన చెబుతాడు. మోమార్త్ర్ శ్మశానానికి తీసుకెళ్లి సమాధి చూపిస్తాడు. అంత్యక్రియలకి కూడా రాని కొడుకు అంత్వాన్. మొదటి సినిమాలో అమ్మ చనిపోయిందని అబద్ధమాడిన పిల్లాడు, ఇరవై ఏళ్లకి ఆ నిజం ముందు నిలబడతాడు.

అప్పటికి జనీన్ పోయి పదకొండేళ్లు. ట్రూఫో మళ్లీ అంత్వాన్ జోలికి పోలేదు. 1984 అక్టోబర్ 21న, మెదడులో కణితితో, 52 ఏళ్లకే చనిపోయాడు. ఆయన సమాధి కూడా మోమార్త్ర్ శ్మశానంలోనే ఉంది.