ఆగిన కమాను – ఆగని గానం

ఫిడేలుకు పెద్దక్కలాంటి వాయిద్యం ఒకటుంది. దాని పేరు చెల్లో. కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, కమానుతో వాయిస్తారు. పాశ్చాత్య సంగీతంలో ఆ వాయిద్యం పేరు చెప్పగానే గుర్తొచ్చే కొద్దిమందిలో జాక్విలిన్ డు ప్రే ఒకరు. ఆమె బతికింది నలభై రెండేళ్ళు. అందులో చెల్లో వాయించగలిగిన కాలం 1973తోనే అయిపోయింది. మిగతా పద్నాలుగేళ్ళు ఆమె ఎలా గడిపిందన్నదే ఈ కథ.

1945 జనవరి 26న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టింది. తల్లి ఐరిస్ పియానో వాయించేది. నాలుగేళ్ళప్పుడు రేడియోలో చెల్లో నాదం విని, నాకూ అదే కావాలని పట్టుబట్టింది జాక్విలిన్. పదో ఏట విలియం ప్లీత్ అనే గురువు దొరికాడు. 1961లో, పదహారేళ్ళకే, లండన్ విగ్‌మోర్ హాలులో కచేరీ చేసి పెద్దల్ని ముక్కుమీద వేలేసుకునేలా చేసింది. 1965లో బార్బిరోలీ నిర్వహణలో ఆమె రికార్డు చేసిన ఎల్గార్ కన్చర్టోను ఈనాటికీ జనం వింటూనే ఉన్నారు. 1967లో జెరూసలేంలో పియానో విద్వాంసుడు డేనియల్ బేరెన్‌బోయిమ్‌ను పెళ్ళాడింది.

అంతా సవ్యంగా సాగుతుండగా ఒళ్ళు మొరాయించసాగింది. 1971 నాటికి వేళ్ళలో స్పర్శ తగ్గింది. ఎంత పడుకున్నా తీరని అలసట. వైద్యులు కొందరు నరాల బలహీనత అన్నారు, మానసిక ఒత్తిడి అన్నారు. పైగా ఈ జబ్బు మాయలమారి, ఉన్నట్టుండి తగ్గుతుంది. నెలల తరబడి చెల్లో ముట్టని మనిషి 1971 డిసెంబరులో రెండు రోజుల్లో షోపాన్, ఫ్రాంక్ సొనాటాలు రికార్డు చేసేసింది! స్టూడియోలో అవే ఆమె ఆఖరి రికార్డులు. నిన్న బాగా చేసినవాళ్ళు ఇవాళ చేయలేనంటే లోకం నమ్ముతుందా? బద్ధకం అంటుంది, లేదంటే నటన అంటుంది.

1973 ఫిబ్రవరిలో మన బొంబాయివాడైన జుబిన్ మెహతా నిర్వహణలో లండన్‌లో చివరిసారి ఎల్గార్ వాయించింది. అదే నెల న్యూయార్క్ కచేరీలకు వెళ్ళేసరికి చెల్లో పెట్టె తెరవడమే గండమైపోయింది. వేళ్ళకు తీగ తగులుతున్నదీ లేనిదీ తెలియక, కళ్ళతో చూసుకుంటూ వాయించింది. నాలుగింటిలో మూడు పూర్తి చేసి, నాలుగోది మానుకుంది. అక్టోబరులో జబ్బు పేరు తెలిసింది: మల్టిపుల్ స్క్లెరోసిస్.

మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే నరాల తంతువులకు మైలిన్ అనే తొడుగు ఉంటుంది. శరీర రక్షకదళమే పొరబడి ఆ తొడుగును కొరికేస్తుంది. అప్పుడు సంకేతాలు సరిగా అందవు. లో వోల్టేజీలో బావి మోటారును చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మోటారు మూలుగుతుంది, నీళ్ళు మాత్రం పోయదు. తప్పు మోటారుది కాదు గదా! చాలామంది రోగులకు వేడి తగిలితే లక్షణాలు మరీ ముదురుతాయి.

మరి ఆ అలసటతో బతకడం ఎలా? కరెంటు కొన్ని గంటలే ఉన్ననాడు ఏ మడికి ముందు నీళ్ళు పెట్టాలో రైతు లెక్క వేసుకుంటాడు. రోగి కూడా అంతే. ముఖ్యమైన పని ఒంట్లో ఓపిక ఉన్న వేళకు పెట్టుకోవాలి. పూర్తిగా అలిసిపోకముందే కాసేపు నడుం వాల్చాలి. ఒంటిని చల్లగా ఉంచుకోవాలి. ఒకరి సాయం తీసుకోవడం నామోషీ అనుకోకూడదు.

జాక్విలిన్ చక్రాల కుర్చీకి చేరినా సంగీతాన్ని వదల్లేదు. తాను వాయించి చూపలేదు గనుక, మాటలతోనే శిష్యులకు పాఠం చెప్పింది. టెలివిజన్‌లో కూడా బోధించింది. ప్రొకోఫియెవ్ పిల్లల కోసం కూర్చిన పీటర్ - తోడేలు కథకు, భర్త ఆర్కెస్ట్రా నడుపుతుంటే, తాను గొంతు ఇచ్చింది. అలాగని చివరిదాకా నవ్వుతూనే ఉందనుకుంటే అబద్ధం. చూపు, మాట, చేతులు ఒక్కొక్కటే చెయ్యి జారిపోతుంటే ఆమె ఎంతో కుంగింది. 1987 అక్టోబరు 19న లండన్‌లో కన్నుమూసింది.

ఆమె కాలంలో ఈ జబ్బు తీవ్రతను తగ్గించే మందు లేదు. అలాంటి మొదటి మందు, బీటా ఇంటర్‌ఫెరాన్, అమెరికాలో 1993లో వచ్చింది. ఇప్పుడు ఎమ్మారై స్కానింగుతో జబ్బును చాలా ముందుగా పసిగట్టగలుగుతున్నారు. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌కూ దీనికీ గట్టి సంబంధం ఉందని 2022లో వెలువడిన పరిశోధన చూపింది. పూర్తిగా నయం చేసే మందు మాత్రం ఇంకా రాలేదు. ఆ పని మనలాంటి సైన్సు విద్యార్థుల కోసం ఎదురుచూస్తోంది.

అయితే ప్రయోగశాల అక్కర్లేని పని కూడా ఒకటుంది. రేపు మన పక్క బెంచీలో కూర్చునే మిత్రుడు ఊరికే అలసటగా ఉందంటే, సోమరిపోతు అని నవ్వేముందు ఒక్క క్షణం ఆగుదాం. ఏమైందని అడుగుదాం. జాక్విలిన్ చేతిలోంచి కమానును లాక్కున్నది జబ్బే కావచ్చు. కానీ ఆ పేరు తెలియని రెండేళ్ళూ ఆమె మోసిన బరువులో, నమ్మని వాళ్ళ మాటల పాలు కూడా ఉంది.