బూట్లు కుట్టిన డంజన్ మాస్టర్

ఏ గేమ్ ఓపెన్ చేసినా స్క్రీన్ మీద ఒక మూల హెల్త్ బార్ ఉంటుంది. దెబ్బ తగిలితే తగ్గుతుంది. శత్రువుని చంపితే ఎక్స్‌పీ వస్తుంది, ఎక్స్‌పీ నిండితే లెవెల్ పెరుగుతుంది, లెవెల్ పెరిగితే కొత్త మంత్రమో కొత్త కత్తో దొరుకుతుంది. ఇదంతా ఏదో కంప్యూటర్ ల్యాబ్‌లో పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది కాగితం, పెన్సిల్, పాచికలతో మొదలైంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అని ఒక చిన్న ఊరు. 1970లో ఇన్సూరెన్స్ ఉద్యోగం పోయి, ఐదుగురు పిల్లలతో, ఇంటి బేస్‌మెంట్‌లో బూట్లు రిపేర్ చేసుకుంటూ బతికిన గ్యారీ గైగాక్స్ ఆ ఊరివాడే.

పూర్తి పేరు ఎర్నెస్ట్ గ్యారీ గైగాక్స్. 1938 జులై 27న షికాగోలో పుట్టాడు. నాన్న స్విట్జర్లాండ్ నుంచి వలస వచ్చినవాడు, షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవాడు. కొడుక్కి మాంత్రికుల కథలు చెప్పేవాడట. (మనకి చందమామ, పాతాళ భైరవి ఉన్నట్టే అనుకోండి.) గ్యారీకి చిన్నప్పుడే పేకాట వచ్చింది, తర్వాత చెస్ వచ్చింది. ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ వాళ్ళ ఊరు లేక్ జెనీవాకి మారిపోయారు. అక్కడ చవక మ్యాగజైన్లలో వచ్చే రాబర్ట్ హోవర్డ్, ఫ్రిట్జ్ లైబర్, జాక్ వాన్స్ కథలన్నీ నమిలేశాడు. చదువు మాత్రం సాగలేదు. హైస్కూల్ మధ్యలోనే మానేశాడు. 1958లో మేరీ జోని పెళ్ళి చేసుకున్నాడు.

ఆ ఏడాదే అవలాన్ హిల్ కంపెనీ వాళ్ళ గెటిస్‌బర్గ్ అనే బోర్డ్ గేమ్ అతని చేతికొచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో జరిగిన ఒక యుద్ధాన్ని బల్ల మీద ఆడుకునే ఆట అది. ఇక అంతే, మనిషి మళ్ళీ మామూలు కాలేదు. ఆఫీసు అవగానే ఫ్రెండ్స్ ఇళ్ళకి పోయి అర్ధరాత్రి దాకా యుద్ధాలు. మేరీ జోకి అనుమానం వచ్చి, కడుపుతో ఉండి కూడా వెతుక్కుంటూ వెళ్ళిందట, ఇంకో అమ్మాయి ఎవరైనా ఉందేమోనని. తీరా వెళ్ళి చూస్తే ఒక బేస్‌మెంట్‌లో మ్యాపుల చుట్టూ మూగిన మగాళ్ళు. ఆమెకి ఊరట కలిగిందో, ఇంకా కోపం వచ్చిందో మీరే ఊహించుకోండి.

1967లో గ్యారీ తనలాంటి పిచ్చివాళ్ళని ఓ ఇరవై మందిని ఇంటికి పిలిచి గేమ్స్ ఆడించాడు. మరుసటి ఏడాది ఇల్లు సరిపోదని ఊళ్ళో హార్టికల్చరల్ హాల్ అనే భవనాన్ని 50 డాలర్లకి అద్దెకి తీసుకున్నాడు. అప్పట్లో అతనికి అది చిన్న మొత్తం కాదు. దేశంలో అక్కడక్కడ ఉన్న వార్‌గేమర్లు ఉత్తరాల ద్వారా తెలుసుకుని వచ్చారు. దానికి జెన్ కాన్ అని పేరు పెట్టాడు. ఊరి పేరు జెనీవా, యుద్ధ నియమాల ఒప్పందం పేరు జెనీవా కన్వెన్షన్. మంచి పన్. ఇవాళ కాస్‌ప్లే వేసుకుని, కార్డుల డెక్కులు బ్యాగులో పెట్టుకుని జనం వెళ్ళే గేమ్ కన్వెన్షన్లలో పెద్ద పేరు అదే. ఈ మధ్య ఇండియానాపొలిస్‌లో జరిగినప్పుడు 70 వేల మందికి పైనే వచ్చారు.

1969 జెన్ కాన్‌లో గ్యారీకి డేవ్ ఆర్నెసన్ అనే కుర్రాడు పరిచయమయ్యాడు. మినెసోటా వాడు, కాలేజీ స్టూడెంట్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

మరుసటి ఏడాది ఉద్యోగం పోయింది. గ్యారీ చెప్పులు, బూట్లు బాగుచేయడం నేర్చుకుని బేస్‌మెంట్‌లో మెషిన్ పెట్టుకున్నాడు. చేతిలో డబ్బు లేదు కానీ టైమ్ మాత్రం బోలెడు దొరికింది. 1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి చైన్‌మెయిల్ అనే రూల్ బుక్ రాశాడు. మధ్యయుగపు సైనికుల బొమ్మలతో యుద్ధం ఆడుకోవడానికి. పుస్తకం చివర సరదాగా ఒక ఫాంటసీ భాగం చేర్చాడు: మాంత్రికులు, డ్రాగన్లు, వీరులు. నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే అతను కొత్త రూల్స్ పెద్దగా కనిపెట్టలేదు. హీరో అంటే నలుగురు సైనికులతో సమానం. మాంత్రికుడు విసిరే ఫైర్‌బాల్‌కి రాళ్ళు విసిరే యంత్రం రూల్, మెరుపు మంత్రానికి ఫిరంగి రూల్. పాత ఫంక్షన్‌నే కొత్త పేరుతో పిలిచాడన్నమాట. మనం అసైన్‌మెంట్లలో చేసేది అదేగా.

ఆర్నెసన్ ఆ పుస్తకం తీసుకుని ఇంకో దారిలో వెళ్ళాడు. ఒక్కో ఆటగాడికి సైన్యం బదులు ఒక్కటే పాత్ర. ఆ పాత్ర ఒక కోట కింద నేలమాళిగలోకి దిగుతుంది. ఒక్క దెబ్బకే చచ్చిపోతే మజా ఉండదని హిట్ పాయింట్స్ పెట్టాడు. ఆట ఒక రోజుతో అయిపోదు, పాత్ర వచ్చే వారం మళ్ళీ వస్తుంది, అనుభవంతో బలపడుతుంది. 1972 చివర్లో లేక్ జెనీవా వచ్చి గ్యారీ ఇంట్లోనే ఆడించి చూపించాడు. అంటే మొదట్లో నేను చెప్పిన హెల్త్ బార్‌కి అసలు తండ్రి గ్యారీ కాదు, ఆర్నెసన్. అయితే ఆర్నెసన్ దగ్గర ఉన్నవి ఓ ఇరవై పేజీల గజిబిజి నోట్స్. ఇంకొకడు చదివి ఆడుకునేలా వాటిని రాయడం అతని వల్ల కాలేదు. ఆ పని గ్యారీ చేశాడు. టైప్‌రైటర్ ముందు కూర్చుని ముందు 50 పేజీలు రాశాడు, తర్వాత దాన్ని 150 పేజీలు చేశాడు.

టెస్టింగ్ ఇంట్లోనే. మొదటి ప్లేయర్లు అతని కొడుకు ఎర్నీ, కూతురు ఎలీస్. గ్రేహాక్ అనే కోట కింద దిగి, కోబోల్డులనే చిన్న రాక్షసులని చంపి, ఒక పెట్టె సాధించారు. తెరిస్తే అన్నీ రాగి నాణేలు, మోయలేనంత బరువు! పిల్లలు ఉసూరుమన్నా మర్నాడు మళ్ళీ సిద్ధం. మరుసటి రోజుకి ఊళ్ళో ఫ్రెండ్స్ కూడా చేరారు. వాళ్ళ పాత్రల పేర్లు ఆటలో మంత్రాల పేర్లుగా ఇప్పటికీ ఉన్నాయి. బాల్డర్స్ గేట్ 3 ఆడినవాళ్ళకి మెల్ఫ్స్ యాసిడ్ యారో తెలుసు కదా? మెల్ఫ్ గ్యారీ కొడుకు లూక్ పాత్ర. పాత్ర వివరాల కాగితం మీద మేల్ అనడానికి ఎమ్, పక్కన ఎల్ఫ్ అని ఉంటే, అదే పేరైపోయింది. రాక్షసులు కూడా అలాగే పుట్టారు. హాంకాంగ్ నుంచి వచ్చే చవక ప్లాస్టిక్ బొమ్మల ప్యాకెట్ కొని, అందులో ఏ జంతువో తెలియని వంకర బొమ్మలకి ఔల్‌బేర్, రస్ట్ మాన్‌స్టర్ అని పేర్లు పెట్టేశాడు. ఆట పేరు కూడా పిల్లలదే. జంట మాటల లిస్ట్ రాసి చదివి వినిపిస్తే, చిన్న కూతురు సిండీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ బాగుందంది.

దాన్ని అచ్చు వేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. గెలిచేవాడు లేని, ముగింపు లేని, బోర్డ్ కూడా లేని ఆటని ఎవరు కొంటారు? గ్యారీ చిన్ననాటి స్నేహితుడు డాన్ కే తన ఇన్సూరెన్స్ పాలసీ మీద అప్పు తెచ్చాడు. ఇద్దరూ 1973 అక్టోబర్‌లో టీఎస్‌ఆర్ అనే కంపెనీ పెట్టారు. ఆ డబ్బు ప్రింటింగ్‌కి చాలక బ్రయన్ బ్లూమ్ అనే ఇంకో గేమర్‌ని 2,000 డాలర్లతో చేర్చుకున్నారు. 1974 జనవరిలో 1,000 కాపీలు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, ధర 10 డాలర్లు. ఇంట్లో కూర్చుని చేత్తో పెట్టెలు సర్దారు. ఏడాది లోపే అన్నీ అమ్ముడైపోయాయి.

అందులో మాంత్రికుడి రూల్ ఒకటి చెప్పాలి, ఎందుకంటే డెక్ కట్టే గేమ్స్ ఆడేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మాంత్రికుడికి చాలా మంత్రాలు తెలిసినా, అన్నీ ఒకేసారి వాడలేడు. పొద్దున్నే కొన్నిటిని ఎంచుకుని మనసులో పెట్టుకోవాలి, వాడగానే అది పోతుంది. ఈ ఐడియా జాక్ వాన్స్ కథల నుంచి తెచ్చానని గ్యారీ దాచుకోలేదు. గుహలో ఏం ఎదురవుతుందో తెలియకుండానే ఫైర్‌బాల్ తీసుకెళ్ళాలా, తలుపులు తెరిచే మంత్రం తీసుకెళ్ళాలా అని ముందే లెక్కేసుకోవడం. మనం 60 కార్డుల్లోకి ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని రాత్రంతా కొట్టుకునే పనికి ఇది చాలా దగ్గర.

కంపెనీ పెరిగింది, గొడవలు కూడా పెరిగాయి. 1975లో డాన్ కే 36 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు. అతని వాటా కొనడానికి గ్యారీ దగ్గర డబ్బు లేదు, బ్లూమ్ కుటుంబం దగ్గర ఉంది. అలా తన ఆట, తన రాత, కానీ కంపెనీలో మెజారిటీ వాళ్ళది అయింది. ఇక ఆర్నెసన్. 1977 నుంచి 1979 దాకా గ్యారీ అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతో పెద్ద పుస్తకాలు రాశాడు. ఇది వేరే ఆట కాబట్టి ఆర్నెసన్‌కి రాయల్టీ అక్కర్లేదని కంపెనీ వాదన. ఆర్నెసన్ 1979లో కోర్టుకెళ్ళాడు, 1981లో రాజీ అయింది. పేరుకి ముందు అడ్వాన్స్‌డ్ అని తగిలిస్తే వేరే ఆట అయిపోతుందా? రాసింది గ్యారీయే అని ఒప్పుకుంటాను, రాయకపోతే ఆ ఇరవై పేజీలు మినెసోటాలోనే ఉండిపోయేవి. అయినా ఈ ఒక్క విషయంలో గ్యారీ వైపు మాట్లాడటం నాకు కష్టమే.

అదే 1979లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 16 ఏళ్ళ విద్యార్థి ఒకడు మాయమయ్యాడు. క్యాంపస్ కింద సొరంగాల్లో ఈ ఆట ఆడుతూ తప్పిపోయాడని పేపర్లు రాశాయి. అదేం కాదు. ఆ అబ్బాయి డిప్రెషన్‌లో ఉన్నాడు, చదువు ఒత్తిడి, ఇంటి ఒత్తిడి. దొరికాడు కానీ మరుసటి ఏడాది మనకి దక్కలేదు. 16 ఏళ్ళకి కాలేజీలో వేసిన పిల్లాడి మీద ఏం బరువు ఉందో ఎవరూ అడగలేదు, అందరూ ఆటనే తప్పుపట్టారు. తర్వాత కొన్నేళ్ళు ఇది దయ్యాల ఆట అని అమెరికాలో చర్చిలు, టీవీ షోలు దుమ్మెత్తిపోశాయి. గ్యారీకి బెదిరింపులు కూడా వచ్చాయి. విచిత్రం ఏంటంటే, తిట్టేకొద్దీ అమ్మకాలు పెరిగాయి.

డబ్బు వచ్చాక గ్యారీ 1983లో హాలీవుడ్ వెళ్ళాడు, ఆట మీద కార్టూన్ సీరియల్ తీయించాడు, బెవర్లీ హిల్స్‌లో పెద్ద బంగళా అద్దెకి తీసుకున్నాడు. ఆ జోరులో మేరీ జోతో పెళ్ళి కూడా నిలవలేదు. ఇక్కడ లేక్ జెనీవాలో బ్లూమ్ సోదరుల చేతుల్లో కంపెనీ అప్పుల్లో మునిగింది. వెనక్కి పరిగెత్తుకొచ్చి, గబగబా కొత్త పుస్తకాలు రాసి, వాటి అమ్మకాలతో కంపెనీని గట్టెక్కించాడు. మేనేజ్‌మెంట్ చూసుకోమని లోరెయిన్ విలియమ్స్‌ని తనే తీసుకొచ్చాడు. 1985 అక్టోబర్‌లో బ్లూమ్ సోదరులు తమ షేర్లన్నీ ఆమెకే అమ్మేశారు. గ్యారీ కోర్టుకెళ్ళి ఓడిపోయాడు. 1986లో అన్ని పదవులూ వదిలేసి బయటికొచ్చాడు. ఆట పోయింది, గ్రేహాక్ పోయింది, 50 డాలర్ల హాల్లో మొదలుపెట్టిన జెన్ కాన్ కూడా కంపెనీదే. 1992లో కొత్త ఆట రాస్తే దాని మీద కూడా టీఎస్‌ఆర్ కేసు వేసింది. అంతకుముందు ఆర్నెసన్‌కి జరిగినట్టే ఇప్పుడు గ్యారీకి జరిగింది. కోర్టులో చూసేది ఎవరు కనిపెట్టారని కాదు, కాగితాల మీద ఎవరి పేరుందని.

ఈలోగా ఆ ఆట కంప్యూటర్లలోకి ఎప్పుడో దిగిపోయింది. 1978లో ఇంగ్లండ్‌లో ఎసెక్స్ యూనివర్సిటీ కుర్రాళ్ళు మడ్ రాశారు, ఒకే డంజన్‌లో చాలామంది ఒకేసారి తిరిగే ఆట. అల్టిమా చేసిన రిచర్డ్ గారియట్ కూడా స్కూల్లో డి అండ్ డి ఆడి పెరిగినవాడే.

కార్డుల కథ మళ్ళీ జెన్ కాన్ దగ్గరికే వస్తుంది. విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే చిన్న కంపెనీ నడిపే పీటర్ ఆడ్కిసన్, గణితం చదువుకున్న రిచర్డ్ గార్ఫీల్డ్‌ని ఒక ఆట అడిగాడు. కన్వెన్షన్లలో రెండు పెద్ద గేముల మధ్య ఖాళీ టైమ్‌లో, క్యూలో నిలబడినప్పుడు, త్వరగా ఆడుకునేలా, జేబులో పట్టేలా ఉండాలని. అలా మ్యాజిక్: ది గ్యాదరింగ్ తయారై, 1993 ఆగస్ట్‌లో మిల్వాకీలో జరిగిన జెన్ కాన్‌లో జనం ముందుకొచ్చింది. కన్వెన్షనే లేకపోతే అలాంటి ఆట అడగాలని ఎవరికి తోచేది? ఆ కార్డుల డబ్బుతోనే విజర్డ్స్ కంపెనీ 1997లో దివాలా అంచున ఉన్న టీఎస్‌ఆర్‌ని కొనేసింది. గ్యారీని మళ్ళీ పిలిచారు, డ్రాగన్ పత్రికలో మళ్ళీ కాలమ్ రాశాడు. ఆటకి మాత్రం ఓనర్ కాలేదు.

చివరి ఏళ్ళు లేక్ జెనీవాలోనే గడిపాడు. ఇంటికి వచ్చిన అభిమానులతో వరండాలో కూర్చుని కబుర్లు, ఆన్‌లైన్‌లో ఓపిగ్గా వేల ప్రశ్నలకి జవాబులు. 2004లో రెండుసార్లు స్ట్రోక్ వచ్చింది. 2008 మార్చి 4న, 69 ఏళ్ళ వయసులో, ఇంట్లోనే పోయాడు. ఏడాది తర్వాత, 2009 ఏప్రిల్‌లో ఆర్నెసన్ కూడా పోయాడు.

2006లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆన్‌లైన్‌లో డెలెరాస్ టూమ్ అనే సమాధి ఉంటుంది. లోపలికి వెళ్తే ఒక గొంతు డంజన్ మాస్టర్‌లా కథ చెప్తూ మిమ్మల్ని గది గదికీ నడిపిస్తుంది. అది గ్యారీ గొంతే, బతికుండగా రికార్డ్ చేసింది. చనిపోయాక గేమ్ వాళ్ళు అక్కడ అతనికి ఒక స్మారకం కట్టారు. ఆ క్వెస్ట్ పూర్తిచేస్తే వాయిస్ ఆఫ్ ది మాస్టర్ అనే వస్తువు దొరుకుతుంది. అది వేసుకుంటే కాస్త ఎక్కువ ఎక్స్‌పీ వస్తుంది.