తొలి విమానానికి ఇంజిన్ చేసిన చార్లీ టేలర్

మరమ్మతుకు వచ్చిన విమానం తిరిగి గాల్లోకి లేవాలంటే ముందు మెయింటెనెన్స్ ఇంజనీరు సంతకం పడాలి. పైలట్ పేరు ప్రయాణికులకు మైకులో వినిపిస్తుంది. ఆ సంతకం ఎవరిదో మాత్రం తెలియదు. ఈ వృత్తికి ఆద్యుడైన చార్లెస్ టేలర్ జీవితమూ అలాగే గడిచింది.

1868 మే 24న అమెరికాలోని ఇలినాయ్‌లో పుట్టిన టేలర్, 1901లో డేటన్‌లోని రైట్ సోదరుల సైకిల్ షాపులో పనికి చేరారు. వారు కోరినంత తేలికైన ఇంజిన్ చేసిచ్చే మోటారు కంపెనీ దొరక్కపోవడంతో ఆ బాధ్యత టేలర్‌పై పడింది. లేత్, డ్రిల్లింగ్ యంత్రం, కాగితం ముక్కలపై గీసుకున్న బొమ్మలే ఆధారం. ఉక్కు దిమ్మెకు వరసగా రంధ్రాలు వేసి, అదనపు లోహాన్ని ఊడగొట్టి, లేత్‌పై తిప్పి క్రాంక్‌షాఫ్ట్ తీశారు. బరువు తగ్గించేందుకు క్రాంక్‌కేసును అల్యూమినియంతో పోత పోయించారు. ఆరు వారాల్లో ఇంజిన్ సిద్ధమైంది. 8 హార్స్‌పవర్ చాలనుకుంటే అది దాదాపు 12 ఇచ్చింది.

1903 డిసెంబర్ 17న కిట్టీహాక్‌లో రైట్ సోదరులు ఎగిరినప్పుడు టేలర్ అక్కడ లేరు. డేటన్‌లో షాపు చూసుకుంటున్నారు.

1911లో కాల్ రోడ్జర్స్ అమెరికాను ఈ తీరం నుంచి ఆ తీరానికి విమానంలో దాటినప్పుడు టేలర్ మెకానిక్‌గా వెంట వెళ్లారు. తర్వాత భూముల్లో పెట్టిన పొదుపు పోయింది. వయసు మీదపడ్డాక కాలిఫోర్నియాలోని విమాన కర్మాగారంలో మామూలు కార్మికుడిగా పనిచేశారు. చివరికి ధర్మాసుపత్రి వార్డుకు చేరారు. విషయం తెలిసి విమాన పరిశ్రమ చందాలు పోగుచేసి ఆదుకుంది. 1956 జనవరి 30న కన్నుమూశారు.

నేడు 50 ఏళ్లు సేవచేసిన మెకానిక్‌లకు అమెరికా విమానయాన సంస్థ ఆయన పేరిట పురస్కారం ఇస్తోంది. ఆయన పుట్టినరోజున విమాన నిర్వహణ సిబ్బందిని గౌరవిస్తారు. ఆ గౌరవం ఆయన బతికుండగా అందలేదు.