దూరాన్ని కొలిచిన మనిషి – విలియం లాంబ్టన్

తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సులో పోతే దాదాపు 70 కిలోమీటర్లు. ముక్కుసూటిగా ఆకాశంలో పోతే 60 లోపే. విమానాల దూరం లెక్కగట్టేది ఇలాగే. మరి విమానం అనే మాటే తెలియని కాలంలో వందల మైళ్ల దూరాన్ని తిన్నగా కొలిచిన మనిషి ఉన్నారని పి.జి.లో చేరేదాకా మాకు తెలియదు. తెలుసుకున్నాక మన హాస్టల్ తమ్ముళ్లకు చెప్పాలనిపించింది.

లాంబ్టన్ 1753 ప్రాంతంలో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఒక సామాన్య కుటుంబంలో పుట్టారు. లెక్కల్లో ఆయన చురుకుదనం చూసి చుట్టుపక్కల పెద్దలు నార్తల్లర్టన్ బడిలో చేర్పించారు. నలుగురు పేద పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడి అది. తర్వాత సైన్యంలో చేరారు. 1781లో యార్క్‌టౌన్ యుద్ధంలో ఖైదీ అయ్యారు. ఆపై కెనడాలో ఉన్న ఏళ్లలో భూమి కొలతల శాస్త్రాన్ని సొంతంగా చదువుకున్నారు. 1799 శ్రీరంగపట్నం యుద్ధంలో, చీకట్లో సైన్యం శత్రువు వైపు నడుస్తోందని చుక్కలను చూసి హెచ్చరించింది ఆయనే.

1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర పని మొదలైంది. 100 అడుగుల గొలుసుతో ఏడున్నర మైళ్ల గీత కొలవడానికి 57 రోజులు పట్టింది. ఆ తర్వాత దారి పొడవునా నేల మీద గొలుసు పరుచుకుంటూ పోలేదు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా భుజాలు తెలుస్తాయి కదా! మనం బళ్లో నేర్చుకున్న ఆ త్రికోణమితితోనే కొండ నుంచి కొండకు త్రిభుజాలు అల్లుకుంటూ మంగళూరు చేరారు. అప్పటి మ్యాపులు రెండు తీరాల మధ్య 400 మైళ్లు చూపేవి. తేలింది 360 మైళ్లే! అంటే సుమారు 580 కిలోమీటర్లు. మ్యాపులో ఆ రెండు ఊళ్ల మధ్య గీత గీస్తే అది మన వి.కోట పరిసరాల మీదుగానే పోతుంది.

ఆయన వాడిన థియోడలైట్ బరువు అర టన్ను. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి దెబ్బతింది. ఆయన నిందలు వేస్తూ కూర్చోలేదు. వారాల తరబడి డేరాలో ఉండి తానే బాగుచేసుకున్నారు. 1811లో మన గుత్తి దగ్గరా గొలుసు పరిచారు. 1823 జనవరి 20న, డెబ్బై ఏళ్ల వయసులో, పని మీద ప్రయాణిస్తూనే మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్ దగ్గర కన్నుమూశారు. మిగిలిన పనిని ఆయన సహాయకుడు జార్జి ఎవరెస్ట్ హిమాలయాల దాకా నడిపించారు.

ఒక మాట దాచకూడదు. ఈ కొలతలు కుంపిణీవారికి పన్నులకూ, యుద్ధాలకూ పనికొచ్చాయి. ఆ అర టన్ను బరువును మోసినవారు, జెండాలు పట్టుకుని కొండలెక్కినవారు, అడవి జ్వరాలకు బలైనవారు మన నేల కూలీలే. వాళ్లలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మా తాతలూ ఇలాంటి మోతలు మోసినవారే. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసింది మేమే మొదలు.

అందుకే తమ్ముళ్లారా, లాంబ్టన్‌ను తలచుకునేటప్పుడు ఆ మోసినవారినీ తలచుకుందాం. బరువు మోసే వంతు మనవాళ్లది అయిపోయింది. ఇక కొలిచే వంతు మనది. లెక్కల పుస్తకం తెరవండి.