సైకిల్ మీద సభకు వెళ్లిన సుందరయ్య గారు

మన వేదికలో అన్ని పార్టీల అభిమానులూ ఉన్నారు. అందుకే ముందే చెప్తున్నాం, ఇది ఏ పార్టీ ప్రచారమూ కాదు. కూలి జనం తరఫున శాసనసభలో మాట్లాడిన ఒక ఎమ్మెల్యే జీవితం.

పుచ్చలపల్లి సుందరయ్య గారు 1913 మే 1న, అంటే సరిగ్గా మేడే నాడు, నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూములున్న ఇంట్లో పుట్టారు. పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. పేరు చివర కులం మాటను ఆయనే తీసేశారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో కాలేజీ చదువు వదిలేసి జైలుకెళ్లారు. బయటికొచ్చాక సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను సంఘంగా కూడగట్టారు. అంటే కూలి పెంచమని నిలదీయాల్సింది తన సొంతవాళ్లనే! మన ఊళ్లలో అదెంత కష్టమో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

1943లో లీల గారిని పెళ్లి చేసుకున్నారు. ప్రజల పనికి అడ్డు రాకూడదని ఇద్దరూ పిల్లలు వద్దనుకున్నారు. తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకత్వం వహించి ఏళ్ల తరబడి అజ్ఞాతంలో గడిపారు.

1952లో రాజ్యసభకు వెళ్లారు. ఢిల్లీలో పార్లమెంటుకు సైకిల్ తొక్కుకుంటూ వెళ్లేవారు. 1955లో కృష్ణా జిల్లా గన్నవరం నుంచి ఆంధ్ర శాసనసభకు గెలిచారు. ఆ ఎన్నికల్లో 196 స్థానాలకు కమ్యూనిస్టులకు దక్కినవి 15 మాత్రమే. అయినా ఆయన గొంతు తగ్గలేదు. కారణం ఒక్కటే, ఏ విషయమైనా లెక్కలు చూసుకునే లేచేవారు. భూమి, సాగునీరు, కూలి రేట్లు, ఏది మాట్లాడినా చేతిలో అంకెలు ఉండేవి. ఊళ్లు తిరిగి, జనాన్ని అడిగి తెలుసుకునేవారు. 1962లోనూ, మళ్లీ 1978లోనూ గన్నవరం ఆయన్నే గెలిపించింది.

1964లో ఏర్పడిన మార్క్సిస్టు పార్టీకి మొదటి ప్రధాన కార్యదర్శి ఆయనే. పార్టీ పంథా నచ్చనప్పుడు ఆ పదవి కూడా వదులుకున్నారు. 1985 మే 19న కన్నుమూశారు. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఆయన పేరు మీదే ఉంది.

పరాయి దేశంలో ఉన్న మనకు ఇందులో పనికొచ్చేది ఏంటి? జీతం ఆగిందనో, ఓటీ ఎగ్గొట్టారనో మన వేదిక దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది దగ్గర కాగితం ఉండదు. ఎన్ని నెలలు, ఎన్ని గంటలు అంటే సరిగ్గా చెప్పలేరు. లెక్క లేని ఫిర్యాదును ఆఫీసుల్లో పక్కన పడేస్తారు. సభలో 15 మందే ఉన్నా సుందరయ్య గారి మాట వినాల్సి వచ్చిందంటే ఆ లెక్కల వల్లే. కాబట్టి తమ్ముళ్లూ, ఒక చిన్న నోటు పుస్తకం కొనండి. ఏ రోజు ఎన్ని గంటలు చేశారో, ఎంత చేతికి వచ్చిందో ఏ రోజుది ఆ రోజే రాసిపెట్టుకోండి. మీ తరఫున మాట్లాడ్డానికి మేమున్నాం, లెక్క మాత్రం మీ దగ్గరుండాలి.